తూగు అంటే కునుకా, బరువా?

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే మీ బాబు మీద జాలేసింది. ఏడో తరగతి తెలుగు పరీక్షలో ‘తూగు’ అనే మాటకు అర్థం అడిగితే ‘కునుకు’ అని రాశాడు. టీచరుగారు దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన ‘బరువుండు’ అని రాశారు. వాడు ఇంటికొచ్చి, ‘తాతయ్య సోఫాలో తూగుతున్నాడని రోజూ అంటావు కదమ్మా, అంటే తాతయ్య బరువు చూసుకుంటున్నాడా?’ అని మిమ్మల్ని నిలదీశాడు. మీకు జవాబు తోచక, ఈ మాటకు అసలు అర్థం ఏమిటి, కునుకు, తూగు ఒకటేనా, ఏది ఎక్కడ వాడాలి అని అడుగుతున్నారు. చివర్లో ‘కోడి కునుకు అంటే నిజంగా కోడి తీసే కునుకేనా?’ అన్న వాడి ప్రశ్న కూడా జతచేశారు. ఇలా అడిగే పిల్లలు పైకొస్తారు, నాకా నమ్మకం ఉంది.

నేను ఈ హైదరాబాద్‌లోనే ఒక తెలుగు దినపత్రిక డెస్కులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు చిక్కడపల్లిలో ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దుతుంటాను. ఇది తప్ప వేరే విద్య రాదు. పైగా ఈ ‘తూగు’తో ఒకసారి చేతులు కాల్చుకున్నవాణ్ణి. ఆ సంగతి తర్వాత.

ముందు తీర్పు చెప్పేస్తాను. మీ బాబు రాసింది తప్పు కాదు. టీచరుగారు రాసిందీ తప్పు కాదు. ఈ మాటకు వేటికవే అర్థాలు ఉన్నాయనుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది. నేను చూసినంతవరకూ దీని వెనక ఉన్నది ఒకే బొమ్మ. ఏదో ఒకటి వేలాడుతూ, తన బరువుకు తానే కిందికి దిగుతూ, మళ్లీ లేస్తూ, ఊగుతుంటుంది. ఆ బొమ్మను కొట్లో చూస్తే బరువు. సోఫాలో చూస్తే నిద్ర.

పాత తక్కెడను గుర్తు చేసుకోండి. మీ బాబు చూసి ఉండడు, మీరు చూసే ఉంటారు. కొట్టాయన అడ్డకర్ర మధ్యలో ఉన్న తాడు పట్టుకుని పైకెత్తితే రెండు తట్టలూ గాల్లో వేలాడేవి. రాయి వేసిన తట్ట కిందికి దిగేది. రెండో తట్టలో కందిపప్పు పోస్తుంటే అది మెల్లగా లేచేది, ఇది దిగేది. కాసేపు రెండూ అటూ ఇటూ ఊగి నిలబడేవి. ఆ ఊపూ ఆ దిగడమూ కలిస్తే తూగడం. ఇక తాతయ్య దగ్గరికి రండి. భోజనమైంది, పేపరు చేతిలో ఉంది. తల మెల్లగా ముందుకు వాలింది. గడ్డం ఛాతీకి తగలబోతుండగా ఉలిక్కిపడి పైకి లేచింది. అర నిమిషంలో మళ్లీ దిగింది. మనిషి తలకాయ బరువు సుమారు 4.5 నుంచి 5 కిలోలు ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెడ కండరాలు దాన్ని నిలబెడతాయి. నిద్ర అంచుకు రాగానే ఆ పట్టు సడలుతుంది. తల తన బరువుకు తాను దిగిపోతుంది. అంటే తాతయ్య అక్షరాలా తూగుతున్నట్టే. వాడు అడిగిన ‘బరువు చూసుకుంటున్నాడా’ అన్న ప్రశ్నలో వాడికి తెలియకుండానే సగం సమాధానం ఉంది.

ఇది నా సొంత ఊహ అనుకుంటారేమో, పొరుగు భాషల్లోకి వెళ్దాం. అసలు రుచి అక్కడే ఉంది. తమిళంలో ‘తూంగు’ అంటే పాత వాడుకలో వేలాడు, ఊగు. ఇప్పటి వాడుకలో నిద్రపో. ‘తూక్కం వరుదు’ అంటే నిద్రొస్తోంది అని. అదే తమిళంలో ‘తూక్కు’ అంటే పైకెత్తు, తూచు. ఉరిశిక్షకూ అదే మాట, తూక్కు తండనై. ఇటు మలయాళంలోకి వెళ్తే ‘తూక్కం’ అంటే నిద్ర కాదు, బరువు. అచ్చం ఒకే మాట, చెన్నైలో నిద్ర, కొచ్చిలో బరువు. కేరళ గుళ్లలో మనిషిని వేలాడదీసే మొక్కు ఒకటి ఉంది, దాని పేరు గరుడన్ తూక్కం. కన్నడిగులకు ‘తూక’ అంటే బరువు, ‘తూగు’ అంటే తూచు, ఊపు, ‘తూకడిసు’ అంటే కునికిపాట్లు పడు. వేలాడే వంతెనను వాళ్లు తూగుసేతువె అంటారు. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో అచ్చువేసి, 1984లో సవరించిన ద్రావిడ భాషల ధాతుకోశంలో ఈ మాటలన్నీ ఒకే కుటుంబంగా ఒకే పద్దులో కూర్చున్నాయి.

మన తెలుగు దగ్గర ఒక చిన్న ఆనవాలు కూడా ఉంది. పాత పుస్తకాల్లో ఈ మాటను ‘తూఁగు’ అని అరసున్నతో రాసేవాళ్లు. అరసున్న అంటే చాలామందికి పరీక్షల్లో మార్కులు పోగొట్టే గుర్తుగానే జ్ఞాపకం. కానీ చాలాచోట్ల అది ఒకప్పుడు అక్కడ ఉండి పోయిన ముక్కుపలుకు గుర్తు. తమిళంలో ‘మూన్ఱు’ మనకు ‘మూఁడు’ అయినట్టే, ‘తూంగు’ మనకు ‘తూఁగు’ అయింది. అరసున్న కూడా పోయి ఇప్పుడు ఒట్టి ‘తూగు’ మిగిలింది.

చెట్ల మాట కూడా చెప్పాలి. మన నగరంలో పాత రోడ్ల పక్కన గొడుగులా పరుచుకునే పెద్ద చెట్లు ఉంటాయి, సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకుంటాయి. వాన మబ్బు పట్టినా అంతే. మనం నిద్రగన్నేరు అంటాం. తమిళులు దాన్నే ‘తూంగుమూంజి మరం’ అంటారు, అంటే నిద్రమొహం చెట్టు. ఎవరైనా ఆఫీసులో మందకొడిగా ఉంటే మనవాళ్లు కూడా ‘నిద్రమొహం’ అనే కదా తిట్టేది.

ఊగడానికీ నిద్రకూ ఉన్న చుట్టరికాన్ని మాటల మీదే వదిలెయ్యనక్కర్లేదు. జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. 12 మంది మగవాళ్లను మధ్యాహ్నం పూట 45 నిమిషాలు పడుకోబెట్టారు. ఒకరోజు కదలని మంచం, ఇంకోరోజు మెల్లగా ఊగే మంచం. నాలుగు సెకన్లకు ఒక ఊపు. ఊగే మంచం మీద తొందరగా నిద్రపట్టింది, నిద్ర కాస్త చిక్కబడింది కూడా. మన అమ్మమ్మలు చీరతో ఉయ్యాల కట్టి ఒక కాలితో ఊపుతూ చేత్తో బియ్యం ఏరుకునేవాళ్లు. వాళ్లకు ఈ ప్రయోగం చెబితే ‘దీనికి మంచాలు ఊపి చూడాలా నాయనా’ అంటారు. తూగుటుయ్యాల అన్న మాటే ఉంది మనకు. ఊపుతున్నది ఉయ్యాల, తూగుతున్నది లోపలి పిల్ల, ఎదురుగా గోడకు ఆనుకుని తూగుతున్నది ఊపే తల్లి.

ఇప్పుడు బరువు వైపు. ఇక్కడ సంసారం పెద్దది, అన్నీ చెప్పను. బస్తా 50 కిలోలు తూగింది అంటాం. తూగేది బస్తా, తూచేది మనిషి. ఈ తేడా పిల్లలకు చెప్పాలి. ‘బస్తా 50 కిలోలు తూచింది’ అని రాసేవాళ్లు పత్రికల్లోనే తగిలారు నాకు. ఆ తర్వాత పోలిక వస్తుంది. రెండు తట్టలూ ఒకే మట్టానికి వస్తే సరితూగినట్టు. ‘అతనికి సరితూగే ఆటగాడు లేడు’ అన్నప్పుడు తట్టలు కనబడవు కానీ ఉన్నాయి. ‘సిరిసంపదలతో తులతూగుతున్నారు’ అంటే ఇంకా తమాషా. తుల సంస్కృతం, తక్కెడ అని. తూగు తెలుగు. వాళ్ల భాగ్యాన్ని రెండు భాషల్లో రెండుసార్లు తూచామన్నమాట. మేడారం జాతరలో మొక్కు తీర్చుకునేవాళ్లు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని సమ్మక్క, సారలమ్మలకు సమర్పిస్తారు. దాన్ని నిలువెత్తు బంగారం అంటారు. అక్కడ కాంటా మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి చూపిస్తే మీ బాబుకు ‘తూగు’ జన్మలో మరిచిపోనంతగా గుర్తుంటుంది.

తక్కెడ మన మాటల్లో ఎంత దాక్కుందో చూడండి. సరుకు వైపు తట్ట కాస్త కిందికి వాలితే దాన్ని మొగ్గు అంటారు. ‘ఓటర్లు ఎటు మొగ్గు చూపారు’ అని నేను ఎన్ని ఎన్నికల్లో శీర్షికలు పెట్టానో లెక్కలేదు. ఖాళీ తక్కెడలో తట్టలు సమంగా లేకపోతే తేలిగ్గా ఉన్నవైపు చిన్న రాయో ఇనప ముక్కో కడతారు, అది పాసంగం. ఒక మాట మాత్రం ఈ కుటుంబంలోది కాదు, చాలామంది పొరబడతారు. ‘తూచా తప్పకుండా’ అన్నదాన్ని తూచినట్టు సరిగ్గా అని అనుకుంటారు. అది ‘తు’, ‘చ’. సంస్కృత శ్లోకాల్లో పాదం నిండటానికి వాడే చిన్న అక్షరాలు అవి. ఆ పూరణ అక్షరాలు కూడా వదలకుండా అప్పజెప్పాడు అని దాని అర్థం. వాడుకలో సాగి సాగి ‘తూచా’ అయింది. దీన్ని మీ బాబుకు ఇప్పుడే చెప్పకండి, టీచరుగారి మీదికి వెళ్లిపోతాడు.

పద్యంలో, పాటలో తూగు అంటే నడకలో ఉండే ఊపు. ద్విపదలో ఒక్కో పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడు పెద్ద అడుగులు, ఒక చిన్న అడుగు. పాదం చివరికి వచ్చేసరికి ఒక విరుపు వస్తుంది, మళ్లీ మొదలు. చదివేవాడి తల దానంతట అదే ఊగుతుంది. నేను చేరిన కొత్తలో మా డెస్కు ఇన్‌చార్జి శీర్షికలు పైకి చదివించేవారు. అర్థం సరిగానే ఉన్నా ‘తూగట్లేదయ్యా’ అని తిప్పి పంపేవారు. ఒక్క అక్షరం తగ్గిస్తే తూగేది. ఎందుకు తూగిందో ఆయన చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఇక చేతులు కాల్చుకున్న కథ. అప్పటికి నాకు పదేళ్ల అనుభవం. రాత్రి డ్యూటీ. విజయవాడ రోడ్డు మీద తెల్లవారుజామున ఒక ప్రైవేటు బస్సు డివైడర్ ఎక్కింది. దేవుడి దయ, ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. డ్రైవరుకు కునుకు పట్టిందని వార్త. చోటు తక్కువగా ఉంది. ‘తూగిన డ్రైవర్.. డివైడరెక్కిన బస్సు’ అని పెట్టేశాను. పైకి చదువుకుంటే భలే తూగింది కూడా. మర్నాడు పదకొండింటికి డ్రైవరు అన్నయ్య ఆఫీసుకొచ్చాడు. అరవలేదు. పేపరు నా టేబుల్ మీద పెట్టి, ‘మా తమ్ముడు సుక్క ముట్టడు సార్. తూగిండని రాసిన్రు. ఓనరు పనిలకెల్లి తీసేస్తాన్నడు’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నేను రాసింది నిద్ర తూగు, ఊరంతా చదివింది తాగుడు తూగు. ‘తాగి తూగుతున్నాడు’ అన్నది ఎంత పాతుకుపోయిందంటే, ‘తూగిన డ్రైవర్’ అనగానే సీసా కనబడుతుంది. మర్నాడు సవరణ వేశాం, లోపలి పేజీలో, చిన్న అక్షరాల్లో. శీర్షిక చదివినవాళ్లలో ఎంతమంది అది చదివుంటారు? ఆ మనిషి ఉద్యోగం నిలిచిందో లేదో నాకు తెలియలేదు, కనుక్కునే ధైర్యమూ చేయలేదు.

అప్పటినుంచి నాకొక నియమం. బండి నడిపేవాడి విషయంలో తూగు వాడను. ‘కునుకు పట్టింది’ అనే రాస్తాను. ఇది మర్యాద కోసం పెట్టుకున్నది మాత్రమే కాదు, లోపల జరిగేది కూడా వేరే. సోఫాలో తాతయ్యది పదేపదే వచ్చే ఊపు. స్టీరింగ్ ముందు వచ్చేది ఒక్క కునుకు, కొన్ని సెకన్లు. ఒక్కోసారి కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం పనిలో ఉండదు. మన ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు, గట్టి మలుపుల్లేవు, సిగ్నళ్లు లేవు, కళ్లు మూతలు పడటానికి అంతకంటే అనువైన చోటుండదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకంటే 80 మీటర్లకు పైగా బండి ఎవరూ నడపకుండా పోయినట్టు. తాగినవాడికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు అని చట్టంలో లెక్కుంది, ఊదించే యంత్రముంది. నిద్రకు అలాంటి యంత్రం లేదు. కిటికీ అద్దం దించడం, పాటలు పెంచడం ఇవన్నీ కాసేపటి ముచ్చట. వీలున్న చోట బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే మేలు.

కునుకు, తూగు ఒకటేనా అన్నారు. ఒక చిన్న పరీక్ష పెట్టి చూడండి. ‘కాసేపు కునుకు తీశాను’ అంటాం. ‘కాసేపు తూగు తీశాను’ అని ఎవరైనా అంటారా? అనరు. కునుకును తీయొచ్చు, అది పట్టొచ్చు, అది కంటి మీద ఉండొచ్చు, లేకపోవచ్చు. పెళ్లి కావాల్సిన కూతురున్న తండ్రికి కంటి మీద కునుకుండదు. ఫలితాలు వచ్చే ముందు రోజు మీకూ ఉండదు. కునుకు చిన్న ముక్క, దానికి మొదలూ చివరా ఉంటాయి. తూగు అలా కాదు. అది బయటివాళ్లకు కనబడేది. తూగేవాడు తాను తూగుతున్నానని చెప్పుకోడు, పక్కవాళ్లు చెబుతారు. ‘నేనిప్పుడు తూగుతున్నాను’ అని చెప్పగలిగాడంటే తూగడం లేదనే. ఇంకో సంగతి, తూగడానికి కూర్చునో నిలబడో ఉండాలి. ఉయ్యాల్లో పిల్లను వదిలేస్తే, పడుకున్నవాడు తూగడు, వేలాడటానికి ఏముంది అక్కడ? మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 27 స్టేషన్లు. సాయంత్రం ఆరున్నరకు ఎక్కి చూడండి. అమీర్‌పేట దాటేసరికి సీట్ల వరసంతా తూగుతుంటుంది. ఒకాయన పక్కాయన భుజం మీదికి వాలుతుంటాడు, ఆయన మర్యాదగా జరుగుతుంటాడు. వాళ్లలో ఒకరో ఇద్దరో దిగాల్సిన చోటు దాటిపోయేంత కునుకు తీస్తారు. తూగు ముదిరితే కునుకన్నమాట, కావాలంటే అలా గుర్తుపెట్టుకోండి.

కునుకును కావాలని తీయొచ్చు అన్నాను కదా, నాసా వాళ్లు అదే చేశారు. దూర ప్రయాణాల పైలట్లకు, మిగతా సిబ్బంది విమానం చూసుకుంటుండగా, 40 నిమిషాలు వంతుల ప్రకారం విశ్రాంతి ఇచ్చారు. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తర్వాత మిగతా ప్రయాణంలో చురుగ్గా ఉన్నారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు అన్నం తిన్నాక ‘కాసేపు నడుం వాలుస్తాను’ అనేది అదే. ఈ ‘నడుం వాల్చడం’ గొప్ప మాట. నిద్రపోతానని ఒప్పుకోకుండా నిద్రపోవడానికి తెలుగువాళ్లు కనిపెట్టిన మర్యాద.

ఒప్పుకోకపోవడం అంటే గుర్తొచ్చింది. తూగుతున్న మనిషిని తట్టి లేపండి. ‘నిద్రపోలేదు, ఊరికే కళ్లు మూసుకున్నా’ అంటారు. అబద్ధం ఆడుతున్నారని మనం నవ్వుతాం. పాపం వాళ్లు నిజమే చెబుతున్నారు. నిద్ర మొదటి దశ కొన్ని నిమిషాలే ఉంటుంది. మెదడు తరంగాలు నెమ్మదిస్తాయి, కనుగుడ్లు రెప్పల కింద మెల్లగా దొర్లుతుంటాయి. ఆ దశలో లేపితే చాలామంది తాము మెలకువగానే ఉన్నామని నమ్ముతారు. రెండో దశలోకి జారాకే మనిషికి ‘నిద్రపోయాను’ అన్న సంగతి తెలుస్తుంది. రాత్రి నిద్రలో దాదాపు సగం ఈ రెండో దశే. తాతయ్యతో వాదించకండి.

మగత వేరు. దాన్ని కునుకుతో కలిపేస్తే ఆసుపత్రిలో ప్రమాదం. జ్వరంలో, మందుల వల్ల, షుగరు పడిపోయినప్పుడు మనిషి మగతగా పడి ఉంటాడు. పిలిస్తే ఊ అంటాడు, మళ్లీ జారిపోతాడు. డాక్టరు ‘ఎలా ఉన్నారు?’ అంటే ఇంట్లోవాళ్లు ‘పొద్దుట్నుంచి బాగా కునుకు పడుతోందండీ’ అన్నారనుకోండి, ఆయన హాయిగా నిద్రపోతున్నారని అనుకునే వీలుంది. ‘మగతగా ఉన్నారు, పిలిస్తే సరిగా పలకట్లేదు’ అని చెప్పాలి. జలుబుకు వేసుకునే సెట్రిజిన్ లాంటి మాత్రలతో వచ్చేది కూడా మగతే. జోగడం అన్నది ఇంకో ఘట్టం, అందులో మత్తు పాలు ఎక్కువ. ఇక ‘కన్నుమూశారు’ దగ్గర మాత్రం వెయ్యి కళ్లతో ఉండాలి. కళ్లు మూసుకున్నారు అంటే తాతయ్య సోఫాలో ఉన్నారు. కన్నుమూశారు అంటే మేం లోపలి పేజీలో ఫోటో పెట్టి వేసే వార్త.

హైదరాబాదీలకు ఇంకో లాభం ఉంది. ఉర్దూ వాళ్లు తూగడాన్ని ‘నీంద్ కే ఝోంకే’ అంటారు. ఝోంకా అంటే విసురు, గాలి ఒక్కసారి వచ్చి కొట్టినట్టు. వాళ్లకూ నిద్ర ఊపుతూనే వస్తుంది. నిద్రపట్టింది అనడానికి ‘ఆంఖ్ లగ్ గయీ’ అంటారు, కన్ను అంటుకుంది అని. మనం ‘కన్నంటుకుంది’ అంటాం. ఎవరు ఎవరి దగ్గర నేర్చారో అన్న పంచాయితీ అక్కర్లేదు, రెప్పకు రెప్ప అంటుకోవడం ఎవరికైనా కనబడేదే.

కోడి కునుకు దగ్గరికొద్దాం. అంటే పట్టీ పట్టనట్టు పట్టి, చిన్న చప్పుడుకే తెగిపోయే నిద్ర. పసిపిల్లల తల్లులు పడుకునేది అదే. మీ బాబుకు చెప్పండి, అవును, నిజంగా కోడిదే. కోళ్లు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి పడుకోగలవు. మూసిన కంటికి అవతలి వైపున్న సగం మెదడు నిద్రపోతుంటే మిగతా సగం కాపలా కాస్తుంది. బాతుల మీద చేసిన ఒక పరిశోధన 1999లో వచ్చింది. బాతులు వరసగా పడుకున్నప్పుడు, మధ్యలో ఉన్నవాటికంటే చివర ఉన్నవి ఎక్కువగా ఒక కన్ను తెరిచి ఉంచుతాయి. అది కూడా బయటివైపు కన్నే. పక్షులకు కలలు వచ్చే దశ కూడా కొన్ని సెకన్లే, మనలా నిమిషాల తరబడి సాగదు. గూట్లో కోళ్లను చూస్తూ పెరిగినవాళ్లు ప్రయోగశాల లేకుండానే ఆ మాట పుట్టించారు. కుక్క నిద్రకు శ్లోకమే ఉంది. కాకి చూపు, కొంగ ధ్యానం, శ్వాన నిద్ర ఉండాలి విద్యార్థికి అని. పరీక్షల ముందు ఆ శ్లోకం చెప్పే పెద్దలను మాత్రం నమ్మొద్దు, పిల్లలకు నిండు నిద్రే కావాలి.

పరీక్ష పేపరు సంగతి. టీచరుగారి దగ్గరికి గొడవకు వెళ్లకండి. ఆవిడ ముందున్న జవాబుల కాగితంలో ‘బరువుండు’ అనే ఉండి ఉంటుంది, ఏ పాఠంలోంచి ఆ మాట తీసుకున్నారో అక్కడ తక్కెడే ఉండొచ్చు. వాక్యం ఇవ్వకుండా ఒంటరి మాటకు అర్థం అడగటం ఆ ప్రశ్నలోని లోపం, ఆవిడది కాదు. మీ బాబు చేత ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయించండి. ‘బియ్యం బస్తా 50 కిలోలు తూగింది. బస్తా మోసి వచ్చిన తాతయ్య సోఫాలో కూర్చుని తూగుతున్నాడు.’ ఆ కాగితం తీసుకెళ్లి టీచరుగారికే చూపించి, ‘మిస్, రెండో దాంట్లో అర్థం ఏమిటి?’ అని వినయంగా అడగమనండి. ఆవిడ ఏమన్నారో నాకూ చెప్పండి.